పాపఫలం నుంచా, పాపం నుంచా?

1893లో ఒక దావా పని మీద దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాకు వెళ్లిన గాంధీకి అక్కడ మొదట దగ్గరైనవాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులే. ఆ దావా వేసిన వ్యాపారి దాదా అబ్దుల్లా తరఫు అటార్నీ బేకర్ కోర్టు పనులు చూసుకుంటూనే మత బోధ చేసే మనిషి. ఆయన నడిపే మధ్యాహ్న ప్రార్థనల్లో కోట్స్ అనే క్వేకర్ యువకుడు పరిచయమయ్యాడు. గాంధీతో పుస్తకం వెంట పుస్తకం చదివించాడు. మెడలో తల్లి వేసిన తులసి పూసల దండ కనబడితే అది మూఢనమ్మకమని తేల్చి, తెంపేస్తానని కూడా ముందుకొచ్చాడు. గాంధీ ఒప్పుకోలేదు. ఈ కోట్స్ ద్వారానే ప్లిమత్ బ్రదరెన్ అనే శాఖకు చెందిన ఒకాయన తారసపడి, గాంధీ ఎదురుచూడని వాదన లేవదీశాడు. మీ మతంలో ఎంతసేపూ చేసిన తప్పులు తవ్వుకోవడం, దిద్దుకోవడం, ప్రాయశ్చిత్తాలు చేసుకోవడమే కదా, ఇంతచేసీ మీకు మనశ్శాంతి ఎక్కడుంది అన్నాడు. పాపం చేయకుండా బతకడం ఎవరి తరమూ కాదు కాబట్టే యేసు ఆ బరువంతా తన మీద వేసుకున్నాడనీ, అది నమ్మితే చాలుననీ చెప్పాడు. గాంధీకి ఇది రుచించలేదు. తాను అడుగుతున్నది పాపఫలం నుంచి తప్పించుకోవడం కాదనీ, పాపం నుంచే, దాని తలంపు నుంచే విడుదల అనీ, అది దొరికేదాకా మనశ్శాంతి లేకపోయినా ఫర్వాలేదనీ జవాబిచ్చినట్టు ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ పెద్దమనిషి అన్నమాట నిలబెట్టుకున్నాడని చిన్న చురక కూడా వేశాడు. తెలిసి తెలిసి తప్పులు చేస్తూ, చీకూచింతా లేకుండా తిరిగి చూపించాడట.

రక్షణ కేవలం దేవుని కృప వల్ల కలిగేదేననీ, మనిషి తన పుణ్యకార్యాలతో సంపాదించుకునేది కాదనీ క్రైస్తవం చెప్పే మాట తెలుగునాట గోడల మీదా, కరపత్రాల్లోనూ, ఆదివారం మైకుల్లోనూ వినబడుతూనే ఉంటుంది. వినే ఇతర మతాలవాళ్లలో చాలామందికి గాంధీకి కలిగిన అనుమానమే కలుగుతుంది. వారమంతా అడ్డమైన పనులూ చేసి ఆదివారం కన్నీళ్లు పెట్టుకుంటే ఖాతా మాఫీ అయిపోతుందా? అలాంటప్పుడు మంచిగా బతకడం దేనికి? అనుమానం న్యాయమైనదే. అయితే ప్రిటోరియాలో గాంధీ తోసిపుచ్చినది ఆ సిద్ధాంతంలో తెగిపడిన ఒక ముక్క మాత్రమే. పూర్తి సిద్ధాంతం పుట్టింది గాంధీ అడిగిన ప్రశ్న దగ్గరే. పాపఫలం సంగతి సరే, పాపం మాటేమిటి అన్నదే మొదటి నుంచీ దాని గొడవ. సంఘ చరిత్రలో జరిగిన పెద్ద తగాదాలన్నీ వరసగా చూస్తే ఇది తేటపడుతుంది.

మొదటి తగాదా ఐదో శతాబ్దం నాటిది. పెలాజియస్ బ్రిటన్ నుంచి రోముకు వచ్చిన బోధకుడు, సన్యాసిలా నిష్ఠగా బతికిన మనిషి. అప్పటికి రోములో క్రైస్తవం రాజుల మతమైంది. పదవుల కోసం, పలుకుబడి కోసం బాప్తిస్మం తీసుకున్నవాళ్లకు కొదవ లేదు. బలహీనులం, ఏం చేయగలం అని చేతులెత్తేసే ఈ జనాన్ని చూసి పెలాజియస్‌కు ఒళ్లు మండింది. దేవుడు ఒక పని చేయమన్నాడంటే అది చేయగల శక్తి ఇచ్చే ఉంటాడని ఆయన వాదన. చేయలేనిది చేయమని, చేయనందుకు శిక్షించేవాణ్ని న్యాయవంతుడని ఎలా అంటాం? డెమెట్రియాస్ అనే సంపన్న కుటుంబపు యువతి కన్యావ్రతం పట్టినప్పుడు ఆమెకు రాసిన ప్రసిద్ధమైన ఉత్తరంలో, మనిషి స్వభావంలోనే ఉన్న మంచి శక్తిని ముందు గుర్తుచేసి, ఆ తర్వాతే నియమాలు చెప్పాడు. ఆయన కృపను కాదన్నాడనుకుంటే పొరపాటు. స్వేచ్ఛగా ఎంచుకునే బుద్ధినివ్వడం కృపే, ధర్మశాస్త్రం ఇవ్వడం కృపే, క్రీస్తు ఆదర్శంగా నిలవడం కృపే, పాత పాపాలు క్షమించడమూ కృపే అన్నాడు. ఆ తర్వాత నడవాల్సింది మాత్రం మనిషే. కష్టపడి పైకొచ్చినవాణ్ని మెచ్చుకునే మన కాలానికి, నిజం చెప్పాలంటే, మొదట నచ్చేది పెలాజియస్సే.

ఆయనకు ఎదురు నిలిచింది ఉత్తరాఫ్రికాలోని హిప్పో పట్టణపు బిషప్ అగస్టీన్. ఆయన వాదనకు బలం స్వానుభవంలో ఉంది. 397 ప్రాంతంలో మొదలుపెట్టి రాసిన 'కన్ఫెషన్స్'లో, పదహారేళ్ల వయసులో చేసిన ఒక దొంగతనం గురించి విడవకుండా చర్చిస్తాడు. రాత్రివేళ స్నేహితులతో కలిసి పొరుగువాళ్ల బేరి చెట్టు దులిపి, మోయగలిగినన్ని కాయలు ఎత్తుకొచ్చి, చాలామటుకు పందులకు పడేశారు. ఆకలి లేదు, ఇంట్లో అంతకన్నా మంచి పళ్లున్నాయి. మరి ఎందుకు చేసినట్టు? దొంగతనం తప్పని తెలియక కాదు. తప్పు కాబట్టే చేయబుద్ధయింది. ఆ తర్వాత 386లో మిలాన్‌లో ఆయన ఇంకో సంగతి గమనించాడు. చేతిని కదలమంటే వెంటనే కదులుతుంది, మనసును మారమని మనసే ఆజ్ఞాపిస్తే అది మొరాయిస్తుంది. ఏది మంచో తెలుసు, ఆ దారిన నడవాలనీ ఉంది, అడుగు మాత్రం పడదు. ధర్మశాస్త్రమూ ఆదర్శమూ తెలియనివాడికి పనికొస్తాయి. తెలిసీ చేయలేనివాడి రోగం అదికాదు, అతని కోరికే వంకరపోయింది. పాత తప్పులన్నీ కొట్టేసి అదే మనసుతో రేపటిలోకి వదిలేస్తే అతను మళ్లీ అదే చెట్టు దగ్గర తేలతాడు. కాబట్టి కృప క్షమించి ఊరుకుంటే సరిపోదు, కోరికను లోపలి నుంచి బాగుచేయాలి అన్నాడు అగస్టీన్. ఆయన చూపిన మరో సాక్ష్యం క్రైస్తవులు రోజూ చేసే ప్రార్థనే. శోధనలోకి తేవద్దని దేవుణ్ని వేడుకుంటున్నారంటే, తప్పు చేయకుండా ఉండటం పూర్తిగా తమ చేతుల్లో లేదని వాళ్లకు తెలుసన్నమాట.

418 మే నెలలో కార్తేజ్‌లో సమావేశమైన ఆఫ్రికా బిషప్పులు పెలాజియస్ బోధను ఖండించారు. వాళ్ల తీర్మానాల్లో ఒకటి మన చర్చకు ఆయువుపట్టు. దేవుని కృప గడిచిన పాపాల క్షమాపణకే గానీ ఇకమీదట పాపం చేయకుండా ఉండటానికి సాయం చేయదు అనేవాణ్ని ఆ తీర్మానం బహిష్కరిస్తుంది. ప్రిటోరియాలో ఆ బ్రదరెన్ పెద్దమనిషి గాంధీ ముందు పెట్టిన కృప దాదాపు ఇటువంటిదే. క్షమిస్తుంది, మార్చదు. గాంధీకి పనికిరాదనిపించిన ఆ సరుకును 1,475 ఏళ్ల ముందే చర్చి తనంతట తాను గుమ్మం బయట పెట్టింది. గాంధీ కూడా ఒకరి మాట పట్టుకుని మతం మొత్తాన్ని తూచలేదు. క్రైస్తవులందరూ ఇలా నమ్మరని తనకు అప్పటికే తెలుసనీ, కోట్స్ దైవభీతితో నడిచేవాడనీ ఆ అధ్యాయంలోనే ఒప్పుకున్నాడు. ఇంకా చెప్పాలంటే, ఇంగ్లండులో చదువుకునే రోజుల్లో పోర్ట్స్‌మత్‌లో తప్పుదారి అంచుదాకా వెళ్లి బయటపడిన సంఘటన చెబుతూ, ఆ గొప్ప తనది కాదనీ దేవుడే కాపాడాడనీ రాసినవాడు గాంధీయే. అగస్టీన్ చదివి ఉంటే తల ఊపేవాడు. వాళ్లిద్దరి మధ్య నిజంగా మిగిలే తేడా వేరు. ఆ కృప ఒక్క యేసు ద్వారానే వస్తుందన్నది గాంధీకి మింగుడుపడలేదు, అగస్టీన్‌కు అదే ప్రాణం. అది పెద్ద తేడాయే, కానీ కృప మనిషిని సోమరిని చేస్తుందన్న అభ్యంతరంతో దానికి సంబంధం లేదు.

కార్తేజ్ తర్వాత వంద ఏళ్లు దాటాక, 529లో, ఫ్రాన్స్‌లోని ఆరెంజ్ పట్టణంలో ఇరవై మంది కూడా లేని బిషప్పుల సభ ఒకటి ఇంకో అడుగు వేసింది. మొదటి అడుగు మనిషిది, ఆ పైన దేవుడు చేయందిస్తాడు అనే మధ్యేమార్గాన్ని కూడా తోసిపుచ్చి, నమ్మాలన్న తొలి కోరిక సైతం కృప పెట్టిందేనని తేల్చింది. ఆ తీర్మానాలు మధ్యయుగాల్లో చాలాకాలం మరుగున పడ్డాయి. తన చేతనైనంత చేసినవాడికి దేవుడు కృప నిరాకరించడు అనే సూత్రం ఆలోగా బడుల్లో పాఠమైంది. వినడానికి ఎంత ఉదారంగా ఉంది! 1505లో ఎర్‌ఫుర్ట్ మఠంలో చేరిన మార్టిన్ లూథర్‌కు అదే నరకమైంది. చేతనైనంత చేశానని తెలిసేదెలా? ఇంకో గంట మోకాళ్ల మీద ఉండగలిగేవాణ్నేమో, ఇంకో పూట ఉపవాసం పట్టేదేమో. చిన్నాచితకా దోషాలు కూడా ఏరుకుని గంటల తరబడి ఒప్పుకోలు చెప్పేవాడు, బయటికొచ్చాక మరొకటి గుర్తొచ్చేది. విట్టెన్‌బర్గ్‌లో ఆచార్యుడై 1515 నుంచి రోమీయులకు పౌలు రాసిన పత్రికను పాఠం చెబుతున్న కాలంలో ఆయన ఆలోచన తిరగడం మొదలైంది. దేవుని నీతి అంటే మనిషిని కొలిచి శిక్షించే తక్కెడ అని భయపడినవాడు, అది నమ్మినవాడికి దేవుడు ఉచితంగా ఇచ్చే కానుక అని చదువుకున్నాడు.

లూథర్ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది 1517 అక్టోబరు 31, తొంభైఐదు వాదాంశాలు. అవి దేని మీద అన్నది మాత్రం మరిచిపోతుంటాం. రోములో సెయింట్ పీటర్ దేవాలయ నిర్మాణం పేరిట, జర్మనీలో ఒక ఆర్చిబిషప్ అప్పులు తీర్చుకోవడానికి కూడా, టెట్‌జెల్ అనే ప్రచారకుడు ఊరూరా అమ్మిన పరిహార పత్రాల మీద. చర్చి సిద్ధాంతం ప్రకారం ఆ పత్రాలు పాపాన్ని తీసేవి కావు, క్షమించిన పాపానికి మిగిలిన శిక్షను తగ్గించేవి. అంటే అక్కడ అమ్ముడుపోయింది పాపఫలం నుంచి మినహాయింపు! లూథర్ మొదటి వాదాంశమే నమ్మినవాడి బతుకంతా పశ్చాత్తాపంగా ఉండాలంటుంది. మరోచోట, నిజంగా పశ్చాత్తాపపడినవాడు శిక్షను తప్పించుకోజూడడు, కోరి తెచ్చుకుంటాడని ఉంటుంది. ఫలం వదిలేస్తే చాలదు, పాపం పోవాలన్న గాంధీ మాటకు ఇది ఎంత దగ్గరో వేరే చెప్పనక్కర్లేదు. కానుక పంపండి, ఆశీర్వాదం పదింతలై తిరిగొస్తుంది అని టీవీల్లో ఊదరగొట్టే ప్రసంగాలు విన్నప్పుడల్లా టెట్‌జెల్ పోయాడా, సూటు వేసుకుని తిరిగొచ్చాడా అనిపిస్తుంది. కృప గురించి గొంతు చించుకునే వేదికల మీదే ఈ బేరాలు సాగడం మరీ విడ్డూరం.

ఇక్కడ నా వాదానికి గట్టి అభ్యంతరం ఒకటుంది. లూథర్ తర్వాత్తర్వాత బోధించింది, క్రీస్తు నీతిని దేవుడు మనిషి ఖాతాలో జమకట్టి అతణ్ని నీతిమంతుడిగా ఎంచుతాడని. మనిషి చచ్చేదాకా పాపిగానే ఉంటాడు, అదే సమయంలో నీతిమంతుడు కూడా. మరి ప్రిటోరియా పెద్దమనిషి చెప్పింది ఇదే కదా? అతనికి విత్తనం ఇక్కడ దొరికిందన్నది కాదనలేం. కాథలిక్ చర్చి కూడా ఈ చోటే పట్టుకుంది. 1547 జనవరిలో ట్రెంట్ మహాసభ వెలువరించిన శాసనం, నీతిమంతుడిగా తీర్చబడటమంటే పాపక్షమాపణ ఒక్కటే కాదు, లోపలి మనిషి కొత్తవాడు కావడం కూడా అని నొక్కి చెప్పింది. అదే శాసనం చివరి తీర్మానాల్లో మొట్టమొదటిది, కృప లేకుండా సొంత క్రియలతో మనిషి నీతిమంతుడు కాగలడనేవాణ్ని బహిష్కరించడం. అంటే కృప వల్లే రక్షణ అన్న మాట ప్రొటెస్టెంట్ల సొత్తనుకోవడం సరికాదు. అయితే లూథర్ మార్పును ఎగ్గొట్టలేదు. 1520లో రాసిన క్రైస్తవ స్వేచ్ఛ గురించిన చిన్న పుస్తకంలో, విశ్వాసి దేవుని లెక్కలో ఎవరికీ బానిస కాదు, ప్రేమ లెక్కలో అందరికీ సేవకుడు అంటాడు. రోమా పత్రికకు 1522లో రాసిన పీఠికలో, విశ్వాసమన్నది మంచి చేయకుండా ఊరికే కూర్చోలేనిదంటాడు. ఆయన పట్టుదలంతా వరస మీద. ముందు దేవుడు ఒప్పుకోవాలి, ఆ తర్వాత మార్పు రావాలి. మార్పును ముందు పెడితే, ఎంత మారానో కొలుచుకుంటూ మనిషి మళ్లీ మఠంలో పడతాడు.

బైబిల్లోనే యాకోబు పత్రిక క్రియలు లేని విశ్వాసం మృతమంటుంది, పౌలు క్రియలు లేకుండానే విశ్వాసం వల్ల అంటాడు; ఇద్దరికీ పొసగదనే వాదన కొత్తదేమీ కాదు. పౌలు కాదన్నది దేవుడి దగ్గర హక్కుగా చూపించే క్రియలను, యాకోబు అడిగింది నమ్మకం ఉందన్నదానికి రుజువుగా కనబడే క్రియలను. కృప ఎక్కువవడానికి పాపం చేస్తూ ఉందామా అన్న ప్రశ్న పౌలే వేసుకుని, కూడదని కొట్టిపారేశాడు. ప్రిటోరియా తరహా అర్థం ఆయన బతికుండగానే పుట్టిందన్నమాట. ఇరవయ్యో శతాబ్దంలో ఆ అర్థాన్ని అందరికన్నా ఘాటుగా ఎండగట్టింది లూథరన్ పాదిరి డీట్రిచ్ బోన్‌హోఫర్. 1937లో అచ్చయిన పుస్తకంలో, కృపను చవకబారు సరుకుగా మార్చి వెదజల్లిందని సొంత సంఘాన్నే తిట్టాడు. యేసు వెంట నడవనక్కర్లేని క్షమాపణ కృపే కాదన్నాడు. హిట్లర్‌ను ఎదిరించి 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ శిబిరంలో ఉరికంబం ఎక్కిన మనిషి కాబట్టి, చెప్పడం వేరు చేయడం వేరు అనే మాట ఆయన దగ్గర చెల్లదు.

కృపకు మన జిల్లాల్లో మరో కోణం బయటపడింది. 1876-78 నాటి గొప్ప కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్, జనానికి కూలి దొరకడానికి బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. తిండి కోసం మతం మారుతున్నారన్న మాట రాకుండా ఆ నెలల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం ముగిశాక, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. పుట్టుకే పూర్వజన్మ పాపఫలమని తరతరాలుగా చెప్పించుకున్నవాళ్లకు, దేవుడి ముందు ఎవరికీ ముందస్తు హక్కు లేదన్న బోధ మోక్షం గురించిన సంగతి మాత్రమే కాలేదు. అర్హత చూడని కృప అంటే పెద్దకులాల అర్హతను కూడా చూడనిది. ఆ సిద్ధాంతం సామాజికంగా ఎంత పదునైనదో ఇంతకన్నా తేటగా చూపే సందర్భం నాకు తోచదు. అదే నోటితో ఒప్పుకోవాల్సింది, కృపకు కులం లేదనే సంఘాల్లో కూడా పెళ్లి సంబంధాల దగ్గర కులం అడగడం నేటికీ పోలేదు.

మిగిలిన అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. మొదటి అడుగు కూడా దేవుడిదే అయితే, కొందరే నమ్మడమేమిటి? మనవాళ్లకు ఈ చిక్కు కొత్తది కాదు. శ్రీవైష్ణవంలో వడకలై వారు మర్కట కిశోర న్యాయం చెబుతారు, కోతిపిల్ల తల్లి పొట్టను తనే గట్టిగా కరుచుకున్నట్టు భక్తుడు కొంత పట్టుకోవాలని. తెంకలై వారిది మార్జాల కిశోర న్యాయం, పిల్లి తన కూనను నోట కరుచుకుని తీసుకుపోతుంది, కూన చేయాల్సింది ఏమీ లేదు. అగస్టీన్, లూథర్, ఆ తర్వాతి తరం సంస్కర్త కాల్విన్ పిల్లి పక్షం. అప్పుడు తల్లి కొన్ని కూనలనే ఎందుకు నోట పట్టింది అన్న ప్రశ్న తప్పదు. అగస్టీన్ అందరూ పోదగినవాళ్లే, కొందరిని దయతలచి ఏరుకున్నాడు అన్నాడు. ఆరెంజ్ సభ, దేవుడు ఎవరినీ కీడుకు ముందే నిర్ణయించడని గట్టిగా చెప్పి ఆగింది. నెదర్లాండ్స్‌లో ఆర్మీనియస్ అనుచరులు ఈ ఎన్నికకు ఎదురుతిరిగితే 1618-19లో డోర్ట్ మహాసభ వాళ్లను తప్పుపట్టింది. ఈ వాదాల్లో ఏ ఒక్కటీ ఆ ప్రశ్నను పూర్తిగా తీర్చలేదనే నాకనిపిస్తుంది. కృపను గట్టిగా పట్టుకున్న ప్రతివాడూ ఎక్కడో ఒకచోట ఈ అప్పు మోయాల్సిందే. పెలాజియస్‌కు అప్పు లేదు, కానీ బేరి చెట్టు దగ్గరి కుర్రాడికి ఆయన దగ్గర మందూ లేదు.

రోమా పత్రికకు లూథర్ రాసిన పీఠిక వింటూ 1738 మే 24 సాయంత్రం లండన్‌లో మనసు మారిన జాన్ వెస్లీ మధ్యదారి ఒకటి వెతికాడు. కృప ప్రతి మనిషినీ ముందే తాకుతుంది, కాదనే వీలు మాత్రం అతనికి ఉంటుంది అన్నాడు. పెలాజియస్ దొడ్డిదారిన వచ్చాడని కాల్విన్ పక్షంవాళ్లు మండిపడ్డారు. పొలాల్లో వేలమందికి బోధించిన జార్జి విట్‌ఫీల్డ్, వెస్లీకి ఆక్స్‌ఫర్డ్ నాటి స్నేహితుడు, 1740 దశకం మొదట్లో ఈ ఎన్నిక విషయం మీదే అతనితో బహిరంగంగా తెగతెంపులు చేసుకున్నాడు. స్నేహం తర్వాత అతుక్కుంది, అభిప్రాయాలు మారలేదు. 1770లో విట్‌ఫీల్డ్ అమెరికాలో చనిపోతే లండన్‌లో సంస్మరణ ప్రసంగం చేసింది వెస్లీయే. తామిద్దరూ జీవితమంతా బోధించింది ఒకటేనన్నాడు: మనిషిలో స్వతహాగా శక్తీ లేదు, యోగ్యతా లేదు, మంచి ఆలోచన, మాట, పని అన్నీ కృప వల్ల వచ్చేవే. కాథలిక్కులూ లూథరన్లూ 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బుర్గ్‌లో సంతకాలు పెట్టిన ఉమ్మడి ప్రకటనలో ఒప్పుకున్న సారం కూడా ఇంచుమించు ఇదే. 2006లో వెస్లీ వారసులైన మెథడిస్టులు దానికి తోడయ్యారు. ఇక 1770లో ఆ ప్రసంగం అచ్చయ్యాక, అందులో ఎన్నిక ఊసే లేదేమని కాల్విన్ పక్షపు పత్రిక వెస్లీ మీద మళ్లీ విరుచుకుపడింది.